ముగింపు ముందే తెలిసినవాళ్లు

పదకొండో వారం

పోయిన వారం మన వెంకటదుర్గని టీవీ ముందు కూర్చోబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వారం రోజులుగా అక్కడే ఉంది. "ఒక పాత చెప్పు చూసి అంతలా అదిరిపడేదేముందండీ?" అని ఉత్తరాలు రాసినవాళ్లు రాశారు. ఉంది. చెబుతాను. కొత్తగా ఈ వారమే పత్రిక పట్టుకున్నవారి కోసం ముందు నాలుగు ముక్కలు.

కడియపులంకలో నర్సరీల నడుమ ఒక పెంకుటిల్లు. అందులో అత్తగారు పాపాయి, కోడలు వెంకటదుర్గ, పదేళ్ల మనవరాలు హారతి. దుర్గ మొగుడు అబ్బులు ఆరేళ్ల కిందట, తొంభై తొమ్మిది తుఫానుకి రెండు రోజుల ముందు, లారీ నిండా మామిడి అంట్లు వేయించుకుని ఒరిస్సా వెళ్ళాడు. లారీ దొరికింది. డ్రైవర్ శవం దొరికింది. అబ్బులు మాత్రం దొరకలేదు. వెతకడానికి వెళ్ళిన తమ్ముడు గణేష్‌బాబు పదహారో రోజున ఒట్టి చేతులతో తిరిగొచ్చి, "ఇంకా తెలీలేదు వదినా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని దుర్గ ఎదురుచూస్తోంది. నుదుట బొట్టుంది, కాళ్లకి మట్టెలున్నాయి. ప్రతి జూన్‌లోనూ బడి ఫారం నింపేటప్పుడు తండ్రి పేరు దగ్గర "అబ్బులు" అనే రాస్తుంది, ముందు "లేటు" అన్న ముక్క లేకుండా.

గణేష్‌బాబు ఆ తర్వాత హైదరాబాద్ చేరి టీవీ సీరియళ్లు రాసే రచయిత అయ్యాడు. ఇప్పటికి రెండు అయ్యాయి. మూడోది నిన్న సాయంత్రమే మొదలైంది. దాని షూటింగ్ సొంత ఊళ్లోనే, కడియం నర్సరీల్లోనే జరుగుతోంది.

ఈ కాలం సీరియళ్ల సంగతి మీకు నేను చెప్పాలా? కథ మొదలుపెట్టవయ్యా అంటే చావుతో మొదలుపెడతారు. పాడె లేస్తుంది, గాజులు పగులుతాయి, ఎవరో జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొస్తారు, అంతలో తెర నల్లబడి "ఆరు నెలల క్రితం" అని అక్షరాలు పడతాయి. అక్కణ్ణించి పెళ్లిచూపులు, పూతరేకులు, నవ్వులు. చూసేవాళ్లు ఏడవాలో నవ్వాలో తోచక సబ్బు ప్రకటన చూస్తారు. గణేష్‌బాబు ఈ విద్యలో ఆరితేరినవాడు. అతని మొదటి సీరియల్ శ్మశానంలో మొదలై పదేళ్లు వెనక్కి నడిచింది. రెండోది ఆస్పత్రి మంచం మీద మొదలై, ఏడాది వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి, పోయినవాడు అసలు పోనేలేదని, పోయింది అతని పోలికలున్న ఇంకొకడని తేల్చింది. నర్సరీలో దుర్గతో పాటు అంట్లు కట్టే ఆడవాళ్లు పని చేసుకుంటూ దాని గురించే నవ్వుకునేవారు. "మొదటి రోజు చచ్చినోడు ఆఖరి రోజుకి వచ్చేత్తాడే, దిగులెట్టుకోకండి" అనేది లోవలక్ష్మి. ఆ మాట హారతి చెవిన కూడా పడింది. అది గుర్తుంచుకోండి.

వారపత్రిక వాళ్లం, మనకా తిప్పలు లేవు. ఏది ముందు జరిగితే దాన్నే ముందు చెప్పుకుంటాం.

నిన్న సాయంత్రం మూడో సీరియల్ మొదటి దృశ్యం ఇది. తడి ఇసుక. ఇసుకలో సగం కూరుకుపోయిన తోలు చెప్పు. దాని వారు తెగితే ఎవరో పసుపు రంగు పాలిథిన్ పట్టీతో కట్టారు. కెమెరా ఆ ముడి దగ్గరకంటా వెళ్ళి ఆగింది. వెనకెక్కడో ఒక ఆడమనిషి ఏడుపు. తర్వాత తెర నల్లబడింది, "ఆరేళ్ల క్రితం" అని పడింది. అంతే. దుర్గకి ఆ తర్వాత ఏమీ కనబడలేదు.

తెల్లారింది. హారతిని బడికి పంపించి, దుర్గ తిన్నగా షూటింగ్ జరుగుతున్న నర్సరీకి వెళ్ళింది. గులాబీ కుండీల వరసల మధ్య పట్టాలు వేసి కెమెరా తోస్తున్నారు. హీరోయిన్ ఒక కుండీకి నీళ్లు పోస్తోంది. ఎన్నిసార్లు పోయిస్తున్నారో ఏమో, ఆ మొక్క వేళ్లు కుళ్లిపోతాయని దుర్గకి అంత బాధలోనూ అనిపించింది. పక్కన చెట్టు కింద సామాన్లు చూసుకునే అప్పాజీ ఒక ప్లాస్టిక్ ట్రేలో గాజులు, కళ్లజోళ్లు, ఉత్తుత్తి మంగళసూత్రాలు సర్దుకుంటున్నాడు. ఆ ట్రేలోనే చెప్పు ఉంది.

"ఒకసారి చూడొచ్చాండి?" అంది దుర్గ.

"చూడండమ్మా. మీరు రచయితగారి వదినగారు కదండి." అప్పాజీ చెప్పు తీసి ఇచ్చాడు.

దుర్గ ముడి తిప్పి చూసింది. పట్టీ మూడు చుట్లు తిరిగి, కొస కింద నుంచి పైకొచ్చి, మళ్ళీ రెండో చుట్టు కిందకి దూరింది. అందరూ కుడి నుంచి ఎడమకి చుడతారు. ఇది ఎడమ నుంచి కుడికి చుట్టి ఉంది.

"ఇది మీరే కట్టారాండి?"

"ఆయ్, నేను కాదండి. నేను మూడుసార్లు కట్టేనండి, రచయితగారికి నచ్చలేదు. నర్సరీలో అమ్మాయి చేత కూడా కట్టించాం, అదీ నచ్చలేదు. ఆఖరికి ఆయనే గంటసేపు కూర్చుని కట్టేరు. ఇంత చిన్న ముడికి అంత పట్టుదలేంటో మరి."

ఇక్కడ నేనొక తప్పు చేయక తప్పదు. వెనక్కి వెళ్ళేది లేదని ఇందాకే గొప్పగా అన్నాను. ఒక్క నిమిషం వెళ్ళొస్తాను, తిట్టుకోకండి.

ఆ రోజు అబ్బులు బయల్దేరుతున్నాడు. లారీ ఇంజను నడుస్తోంది. క్యాబిన్ ఎక్కబోతుంటే కుడికాలి చెప్పు వారు పుటుక్కున తెగింది. ప్రయాణమై వెళ్ళేవాడికి చెప్పు తెగితే మన ఇళ్లలో ఏమంటారో మీకు తెలుసు. పాపాయి అరుగు మీదే ఉంది, లారీకి అటు పక్క. చూసిందంటే ప్రయాణం ఆపించేస్తుంది. అబ్బులు వేలు పెదాల మీద పెట్టుకుని, నవ్వుతూ, దుర్గకి కాలు చూపించాడు. దుర్గ నడుంలో దోపుకున్న, అంట్లు కట్టే పసుపు పట్టీ ఒకటి లాగి, నేల మీద గొంతుక్కూర్చుని గబగబా కట్టేసింది. దుర్గది ఎడమచేతి వాటం. ఆ ముడి ఊళ్లో ఇంకెవరికీ రాదు. "అంటు కట్టినట్టు కట్టేశావు, ఇంక ఊడదు" అని అబ్బులు లారీ ఎక్కాడు.

తర్వాత తుఫానొచ్చింది. ఆ చెప్పు సంగతి దుర్గ ఆరేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. అపశకునాన్ని దాచి మొగుణ్ణి చేతులారా సాగనంపానన్న బాధ ఒక్కతే మోసింది. అంచేత ఆ చెప్పుకి ముడి వేసిన సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరు కట్టిన మనిషి, రెండు ఆ చెప్పు తొడుక్కున్న మనిషి. మూడో మనిషికి తెలిసిందంటే, ఆ చెప్పుని కళ్లారా చూసి ఉండాలి.

గణేష్‌బాబు పచ్చ వల కప్పిన అంట్ల షెడ్డులో కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, రేపటి డైలాగులు రాస్తున్నాడు. దుర్గ రావడం చూసి లేచాడు.

"రా వదినా. కాఫీ తెప్పించనా?"

"వద్దు. నిన్న నీ సీరియల్ చూశాను."

"ఎలా ఉంది?"

"ఎప్పటిలాగే ఉంది. చివర జరిగేది మొదటే చెప్పేశావు." దుర్గ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంది. బల్ల మీద ఎవరో సగం కట్టి వదిలేసిన మామిడి అంటు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఎడమకాలి చెప్పు చూపించారేంటి?"

"అది నా తప్పు కాదు. కుడికాలిదనే రాసిచ్చాను. వెలుతురు అటు బాగుందని డైరెక్టర్ గారు..."

గణేష్‌బాబు అక్కడ ఆగిపోయాడు. రాసేవాడు కదా, తన నోట్లోంచి ఏం జారిందో తనకి వెంటనే తెలిసింది.

"కుడికాలిదని నీకెవరు చెప్పారు?" అంది దుర్గ.

బయట ఎవరో సైలెన్స్ అని కేకేశారు. గణేష్‌బాబు కుర్చీలో కూలబడ్డాడు. అట్ట మీది కాగితాలు జారి మట్టిలో పడ్డాయి. తీసుకోలేదు.

"వదినా, నేను..."

"కథలొద్దు. చూశావా?"

"చూశాను."

"ఎక్కడ?"

"ఆ ఊరి పేరు కూడా నా నోటికి రాదు. ఒక బడి వరండాలో వరసగా పడుకోబెట్టారు. అప్పటికి తొమ్మిది రోజులు దాటింది. మొహాలు చూసి పోల్చుకునేలా లేవు వదినా. నేను కాళ్లు చూసుకుంటూ వెళ్ళాను. ఒక్క కాలికే చెప్పుంది. పసుపు పట్టీ కనపడింది. ఈ ముడి నువ్వు తప్ప ఇంకెవరూ కట్టరని చిన్నప్పట్నించీ నర్సరీలో తిరిగినవాణ్ణి, నాకు తెలీదా? అంత నీళ్లలో నాని కూడా ముడి ఊడలేదు."

దుర్గ చేతిలో అంటుకి పట్టీ చుడుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

"ఊడలేదా?" అంది చివరికి.

"లేదు."

అప్పుడు ఏడ్చింది. శబ్దం రాకుండా, భుజాలు మాత్రం ఎగిరెగిరిపడేలా ఏడ్చింది. బయట షాట్ జరుగుతోంది మరి, గట్టిగా ఏడవడానికి కూడా లేదు. ఆరేళ్లు దాచుకున్న ఏడుపు అలా నోరు నొక్కుకునే ఏడవాల్సి వచ్చింది.

"అందరితో పాటు అక్కడే దహనం చేశారు. నిప్పు నేనే పెట్టాను. పక్కన ఏదో ఏరుంటే స్నానం చేసి, గుండు చేయించుకుని వచ్చేశాను" అన్నాడు గణేష్‌బాబు.

దుర్గ తలెత్తింది. ఆ గుండు ఆమెకి గుర్తుంది. రైలు దిగి వచ్చినప్పుడు ఇదేంటని అడిగితే, దారిలో అన్నవరంలో దిగి అన్నయ్య క్షేమంగా రావాలని తలనీలాలిచ్చానని చెప్పాడు. దుర్గ మురిసిపోయింది. మా మరిది ఇలాంటివాడని ఊరంతా చెప్పుకుంది. పుట్టింట్లో చెప్పుకుంది. మొన్న దసరాకి కూడా లోవలక్ష్మితో చెప్పింది.

"అన్నవరం ప్రసాదం ఏదయ్యా అని అడిగాను నిన్ను."

"అడిగావు. మర్చిపోయానన్నాను."

"అన్నవరం వెళ్ళినవాడు ప్రసాదం మర్చిపోతాడా? ఆ మాత్రం తట్టలేదు చూడు నాకు." తన మీద తనకే జాలేసింది దుర్గకి. "ఎందుకు చెప్పలేదు?"

"చెబుదామనే వచ్చాను. గుమ్మంలోనే నువ్వెదురొచ్చి, ఏమైనా తెలిసిందా అన్నావు. హారతి నీ చంకలో ఉంది. తెలీలేదు అని నోటికొచ్చేసింది. రేపు చెబుదాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు వదినా. రోజు గడిచేకొద్దీ ఇంకా కష్టమైపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు."

"నీకా తెలీనిది? ప్రతి సీరియల్‌కీ మొదటి రోజే శవాన్ని చూపిస్తావు కదా. ఊరందరికీ ముగింపు ముందే చెబుతావు. ఇంట్లో ఉన్నదానికి చెప్పడానికి నోరు రాలేదా?"

"ఛానల్ వాళ్లకి కావాల్సింది అదే. మొదటి రెండు నిమిషాల్లో చావు లేకపోతే జనం రిమోట్ నొక్కేస్తారంటారు. వాళ్లకి అది లెక్క. నాకు కాదు." గణేష్‌బాబు తల దించుకునే మాట్లాడుతున్నాడు. "ఏ కథ రాయడానికి కూర్చున్నా నాకు ముందు ఆ వరండాయే కనబడుతుంది. అది రాసేస్తే గానీ మిగతాది రాదు. రెండుసార్లు పేర్లు మార్చి, ఊళ్లు మార్చి రాశాను. ఈసారి చెప్పు పెట్టేశాను."

"నేను చూడాలనే పెట్టావా?"

"చూస్తావేమోనని భయపడ్డాను. చూడవేమోనని కూడా భయపడ్డాను."

దుర్గ అంటు కట్టడం ముగించి బల్ల మీద పెట్టింది. ఇంకొకటి అడగాలి. అడగకుండా వెళ్ళిపోతే బాగుండునని కూడా ఉంది.

"అత్తయ్యకి తెలుసా?"

గణేష్‌బాబు వంగి, మట్టిలో పడ్డ కాగితాలు ఏరసాగాడు.

"నిన్నే అడుగుతున్నాను. మీ అమ్మకి తెలుసా?"

"నేను చెప్పలేదు వదినా. గుండు చూసింది. నువ్వు ప్రసాదం అడుగుతున్నావు, అమ్మ నా తల వంక చూస్తోంది. ఇద్దరు కొడుకుల్ని కన్న మనిషి, ఆవిడకి ఒకరు చెప్పాలా? ఆ సాయంత్రం పెరట్లోకి పిలిచి ఒక్కటే అంది. దానికి చెప్పకు, చెబితే దాన్ని వాళ్లవాళ్లు తీసుకుపోతారు, పిల్లనీ తీసుకుపోతారు, ఈ ఇంట్లో నాకు ఎవరూ ఉండరు అంది."

తీసుకుపోవడానికి వచ్చారు కూడా. రెండో ఏడు దుర్గ తల్లి, అన్నయ్య ఆలమూరు నుంచి వచ్చారు. అప్పటికి దుర్గకి ఇరవయ్యారేళ్లు. భార్య పోయిన మేష్టారొకాయన ఉన్నాడు, మంచివాడు, హారతిని కూతురిలా చూసుకుంటానన్నాడు, ఆలోచించమన్నారు. "ఆయన వచ్చి నేనేదని అడిగితే ఏం చెప్తారు?" అని దుర్గ తల్లి మీద అరిచింది. పాపాయి ఒక్క మాట మాట్లాడలేదు. అందరికీ తన చేత్తో అన్నాలు వడ్డించింది. దుర్గ విస్తరిలో మాత్రం ఇంకో గరిటె నెయ్యి వేసింది. అత్తగారికి తనంటే ఎంత ప్రేమో అనుకుంది దుర్గ. ప్రేమే, కాదనను. ఆ ప్రేమకి ఇంత వెల ఉందని ఆవేళ ఎవరు చెప్పారు?

"మరి పట్టిసీమ?" అంది దుర్గ.

దీపావళి ఇంకా పదిరోజులుందనగా పాపాయి ఏటా పట్టిసీమ వెళుతుంది. అబ్బులు తిరిగి రావాలని వీరభద్రుడికి మొక్కట. గణేష్‌బాబు ఎంత పనిలో ఉన్నా హైదరాబాద్ నుంచి వచ్చి తల్లిని తీసుకెళతాడు. ఇద్దరే వెళతారు. మొక్కున్న వాళ్లే వెళ్ళాలంటారు.

"గోదాట్లో తద్దినం పెట్టిస్తున్నాను" అన్నాడు గణేష్‌బాబు. "ఆరోది. రేపే."

దుర్గ లేచి నిలబడింది. ఏటా ఆ ప్రయాణానికి సంచి సర్దేది తనే. బియ్యం, అరటిపళ్లు, పంచె. నల్లనువ్వులు చెరిగి, రాళ్లేరి, పొట్లం కట్టి ఇచ్చేది తనే. పూజకి నువ్వులెందుకత్తయ్యా అని మొదటి ఏడు అడిగితే, శనిదోషం పోవడానికి అంది పాపాయి. మొగుడి తద్దినానికి నువ్వులు ఐదేళ్లుగా బొట్టు పెట్టుకుని ఏరి ఇచ్చింది దుర్గ. దేవుడా, ఏ ఆడదానికీ ఇలాంటి పని పడకూడదు.

గణేష్‌బాబు ఏదో అనబోయాడు. దుర్గ వినలేదు. గులాబీ కుండీల వరస పట్టుకుని ఇంటికి నడిచింది. వెనక హీరోయిన్ ఇంకా అదే కుండీకి నీళ్లు పోస్తోంది.

ఇంటి దగ్గర పాపాయి అరుగు మీద జిప్పు సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. మోకాళ్లకి నూనె రాసుకుంటోంది.

"ఎక్కడికెళ్ళేవే? పొయ్యి మీద పప్పు మాడిపోను, నేను చూడబట్టి సరిపోయింది. నువ్వుల పొట్లం కట్టేవా?"

"కడతానండి."

దుర్గ లోపలికి వెళ్ళింది. డబ్బా తీసి, చేటలో పోసి, ఏటా ఏరినట్టే రాళ్లేరింది. కాగితం చింపి పొట్లం కట్టింది. ఇంకో కాగితం చింపి ఇంకొకటి కట్టింది. రెండూ తెచ్చి అత్తగారి ముందు పెట్టింది.

"రెండెందుకమ్మా?"

"ఒకటి మీకండి. ఒకటి నాకు. రేపు నేనూ వస్తాను."

"మొక్కు నాదే. నువ్వు రాకూడదు."

"మొక్కు కాదు కదండీ" అంది దుర్గ.

పాపాయి చేతిలో నూనె గిన్నె అలాగే ఉండిపోయింది. ముసలామె మొహంలో ముందు భయం కనబడింది. తర్వాత, ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువు ఎవరో దించినట్టు, గోడకి చేరగిలబడింది. ఆవిడ చూపు కోడలి నుదుటి మీదకి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది.

"నన్ను చంపెయ్యవే" అంది పాపాయి. "నా ఎదురుగా మాత్రం అది తుడుచుకోకు. వాడికి నిప్పెట్టారని తెలిసిన్నాడు కూడా నీ మొహం చూసుకునే అన్నం తిన్నాను. నీకు బొట్టున్నంతకాలం వాడు ఎక్కడో ఉన్నాడని నన్ను నేనే మోసం చేసుకున్నాను."

"నా ఆరేళ్లండీ అత్తయ్యా" అంది దుర్గ. "నాకు ఏడ్చే రోజు కూడా లేకుండా చేశారు. మొగుడు పోతే పదకొండు రోజులైనా ఏడవనిస్తారు. నాకు అదీ లేదు. చెప్పాల్సింది కదండీ. ఎంత కష్టమైనా, ఎదురుగా నిలబడి అడుగుతుంటే నిజం చెప్పాల్సింది."

వీధి గేటు కిర్రుమంది. మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చిన హారతి, పుస్తకాల సంచి వీపు మీద ఎగురుతుండగా పరిగెత్తుకొచ్చింది. లోవలక్ష్మి దారిలో చెప్పేసింది కాబోలు.

"అమ్మా, పొద్దున్న చిన్నాన్న దగ్గరికి వెళ్ళి ఏడ్చావంట కదా? నాన్న గురించి ఏమైనా తెలిసిందా?"

ఇద్దరు ఆడవాళ్లూ ఆ పిల్ల వంక చూశారు. పరిగెత్తి రావడం వల్ల దాని మొహం ఎర్రబడింది. కళ్ల నిండా ఆశ ఉంది. మళ్ళీ తనే అందుకుంది.

"నిన్న సీరియల్లో పోయినాయన గురించి ఏడ్చావా? అదేం నిజం కాదమ్మా. మొదటి రోజు పోయినవాళ్లు ఆఖర్న వచ్చేస్తారు. చిన్నాన్న సీరియల్స్ అన్నీ అంతే కదా. నాన్న కూడా అలాగే వస్తారు. చెప్పమ్మా, తెలిసిందా?"

నిజం చెప్పాలనే దుర్గ నోరు తెరిచింది. ఇప్పుడే, ఈ అరుగు మీదే, ఎదుటి మనిషిని నిలదీసిన మాటలు ఇంకా ఆరలేదు. ఆ మాటలన్నీ గుర్తున్నాయి. కానీ ఆ కళ్లలోకి చూస్తూ ఉంటే తన నోట్లోంచి ఏ మాట వస్తోందో తనకే తెలిసి, ఆపలేకపోయింది.

"ఇంకా తెలీలేదమ్మా."

పాపాయి కళ్లు మూసుకుంది.

"అయితే రేపు నేను కూడా పట్టిసీమ వస్తాను. అందరం కలిసి మొక్కుకుంటే తొందరగా వచ్చేస్తారు" అంది హారతి. అప్పటికే నువ్వుల పొట్లాలు రెండూ తీసి జాగ్రత్తగా సంచిలో సర్దేస్తోంది.